సైకిలు లేని పంక్చరు

కందుకూరులో కనిగిరి రోడ్డు మలుపు,
హైస్కూలు వెనకగోడకి ఎదురుగా
పాత టైర్లు వేలాడదీసిన రేకుల పంచ నాది.
ముప్పయ్యారేళ్లుగా గాలి కొడుతున్నా.
ఎక్కడ కారుతుందో తొట్లో ముంచి చెబుతా.
మనిషి చెబుతాడేమోగానీ
బుడగ అబద్ధం చెప్పదు.

వాడు బళ్లు తెరిచిన వారంలోనే వచ్చాడు.
"సిలార్ మామా, సొల్యూషన్ ట్యూబొకటి."
ఇచ్చా. ఇరవై రూపాయలు.
బుధవారం మళ్లీ. శుక్రవారం మళ్లీ.
మా నాన్నకన్నాడు. మా చిన్నాన్నకన్నాడు.
ఆ ఇంటోళ్ల దోవంతా తుమ్మముళ్లేనేమో పాపం అనుకుని
నవ్వుకున్నా కూడా.
ఆ నవ్వు ఇప్పుడు గొంతులో చేపముల్లు.

డబ్బా ఖాళీ అయిన రోజు లెక్క చూసుకున్నా.
వేసిన పంక్చర్లు పదకొండు.
పోయిన ట్యూబులు ముప్పయ్యెనిమిది.
మిగతాయి ఏ చక్రానికి పోయినయ్?

కాల్పులు అయిపోయి తలుపు ఊడిన పొగాకు బ్యారన్.
ఆకు కర్రలు వేలాడాల్సిన వాసాలకి
ఐదు స్కూలు బ్యాగులు.
ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం నేలమీద బోర్లా పడుంది.
నలుగురు గోడ దూకారు.
వీడు దూకలేదు. దూకాలని తోచినట్టు లేదు.
సాయంత్రానికి నా తొట్లో నీళ్లెట్లా ఉంటాయో
అట్లా ఉన్నయ్ వాడి కళ్లు.
కొట్టబోయి చెయ్యెత్తా.
"నువ్విచ్చిందేగా మామా" అన్నాడు,
మెల్లగా, ఏదో మంచిమాట చెప్పినట్టు.

ఎత్తిన చెయ్యి
ఎట్లా దించుకోవాలో తెలవలా.

వాళ్లమ్మ తిరుపతమ్మ పొగాకు గ్రేడింగుకి పోతది.
వీధి కొళాయి దగ్గర నిలబెట్టి చెప్పా.
అరవలేదు, ఏడవలేదు.
చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.
"వీటికెప్పుడూ ఆకు ఘాటే సిలారూ,
పక్కలో పడుకునే పిల్లోడి వాసన
నాకు తెలవకుండా పోయింది."

అంగట్లోకొచ్చి రేకుమీద సుద్దముక్కతో రాశా:
సైకిలు తెస్తేనే సొల్యూషన్. అతికేది నేనే.
పక్కన ఫ్యాన్సీ కొట్టు కొండలరావుకి చెబితే
"నేనివ్వకపోతే ఇంకోడిస్తాడు సాయిబూ" అన్నాడు.
నిజమే. మొన్నటిదాకా ఆ ఇంకోణ్ణి నేనే.

పది రోజులకి మాల్యాద్రి వచ్చాడు,
చైను తుప్పుపట్టిన వాళ్ల నాన్న సైకిలు నడిపించుకుంటా.
ముంచితే బుడగ.
ముల్లు బొక్క కాదది. కంపాసు మొన.
వాడికి తెలుసు నాకు తెలిసిందని.
ట్యూబు నా చేతిలోనే ఉంచుకుని
ఆకురాయి వాడికిచ్చా.
రుద్దబ్బయ్యా, ఇంకా రుద్దు, నునుపుమీద అతుకు నిలవదు.
చేతులు వణుకుతున్నయ్. రుద్దాడు.
పూసింది ఆరిందాకా ఆగాలన్నా.
ఆగడం వాడికి ఎంత కష్టమో
ఆ రెండు నిమిషాలు కళ్లారా చూశా.
ఎదురుగా బస్సుల్ని లెక్కపెట్టమన్నా.
ఏడో బస్సుకి అతుకేశాం.

మర్నాడు ఇంకో బొక్క. ఆ మర్నాడు ఇంకోటి.
డబ్బులు తీసుకోలా, అడగనూ లేదు.
ఒకరోజు రాలేదు. రెండో రోజూ రాలేదు.
తిరుపతమ్మ కూలి మానుకుని ఒంగోలు పెద్దాసుపత్రికి
తీసకపోయిందని చెప్పారు.
ఆ రెండు రోజులూ ఏ సైకిలు బెల్లు మోగినా
తల పైకెత్తా.

ఇప్పుడా ట్యూబుకి పద్నాలుగు అతుకులు.
అసలు రబ్బరు ఏదో, అతుకేదో
నేనే తడుముకోవాలి.

నిన్న సాయంత్రం మళ్లీ తెచ్చాడు.
ముంచి ఒక చుట్టు తిప్పా.
ఇంకో చుట్టు.
వాడు నా మొహం చూడటంలా, తొట్లోకే చూస్తున్నాడు.
నీళ్లు కదలకుండా ఉన్నయ్.
"మరెందుకు తెచ్చావబ్బయ్యా?"
"ఊరికే" అన్నాడు,
ఆకురాయి ఎక్కడుందో వెతుక్కుంటా.

చీకటి పడ్డా తొట్టి వంపలేదు నేను.
ఆ బ్యారన్లో బ్యాగులు ఐదు.
మిగతా నలుగురూ ఇంకా రాలేదు.